నుదుటి వేడి

“ఆగు! మాస్క్ ముక్కు మీదికి గుంజు. ఆఁ... ఇప్పుడు రా.”

బడి గేటు దగ్గర రుచిత టెంపరేచర్ గన్ పట్టుకుని నిలబడింది. దాదాపు ఏడాది మూతబడిన బడి తెరిచి వారమే అయింది. ఏడో తరగతి పిల్లల నుదుటి వేడి చూసే పనిని సుచిత్ర మేడం రుచితకు అప్పగించారు. ఇన్నాళ్లూ ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని విసిగిపోయిందేమో, రుచితకు కాలు ఒకచోట నిలవడం లేదు. గన్ టిక్‌మనడమే ఆలస్యం, అంకెను గట్టిగా అరిచేస్తోంది.

“అఖిలేష్, తొంభై ఏడు! నడువ్! తర్వాత ఎవరు?”

భాగ్యలక్ష్మి ఉరుక్కుంటూ వచ్చింది. చేతులు పచ్చగా ఉన్నాయి. రొప్పుతోంది. గన్ టిక్‌మంది.

“నూటొకటి!” రుచిత అరిచింది. “భాగ్యకు జరం!”

లైను చెల్లాచెదురైంది. “కరోనా! కరోనా!” అంటూ అఖిలేష్ గోడ దాకా ఉరికాడు.

“నాకు జరం లేదే. పొద్దుగాల నేను...”

“మాట్లాడకు! దూరం జరుగు!” అంది రుచిత.

మేడం వచ్చి అంకె చూశారు. జ్వరం ఉన్నవాళ్లను లోపలికి రానివ్వకూడదు. “ఇంటికెళ్లి పడుకో భాగ్యా. తగ్గాక వద్దువు గానీ,” అన్నారు మెల్లగా. భాగ్య తల వంచుకుని వెనక్కి నడిచింది.

ఆ రోజు రుచితకు ఒక్క పాఠమూ ఎక్కలేదు. ఎటు తిరిగినా ఖాళీ బెంచీయే కళ్లలో పడుతోంది. భాగ్య ఏదో చెప్పబోయింది. ఏమిటది? బడి విడవగానే కాళ్లు భాగ్య వాళ్ల చేను వైపు లాగాయి.

చేను గట్టున పెద్ద ఇనుప కడాయిలో పసుపు కొమ్ములు ఉడుకుతున్నాయి. భాగ్య ఎండుటాకులు మంటలోకి తోస్తోంది. వాళ్లమ్మ ముత్తవ్వ రుచితను చూసింది.

“దగ్గరికి రాకు బిడ్డా. మా పిల్లకు జరమట గద! నువ్వే దండోరా వేసినవట. అది విని కూలోళ్లు గూడ పని ఇడిసిపెట్టి పోయిండ్రు.”

రుచిత బ్యాగు గట్టున పడేసింది. భాగ్య పక్కన కూర్చుని తనూ ఆకులు అందుకుంది. రెండు గుప్పిళ్లు మంటలో వేసిందో లేదో, ముఖం భగ్గుమంది. నుదురు తాకి చూసుకుంది. కాలిపోతోంది.

“ఏమాయె, నీకు గూడ జరమేనా?” అంది భాగ్య. నవ్వలేదు.

“పొద్దుగాల గీ మంట కాడి నుంచే బడికి వచ్చినవా?” అడిగింది రుచిత.

“మరి! గదే చెప్పబోయిన. చెప్పనిచ్చినవా?”

“రేపు బడికి రావే.”

“రాను. నన్ను జూసి అందరు ఉరుకుతరు.”

“పోకుంటే మానె,” అంది ముత్తవ్వ. “పని చేతినిండ ఉంది. బడి మళ్ల బందైతదనే అంటుండ్రు.”

భాగ్య ఇక ఎప్పటికీ రాదేమో!

మర్నాడు రుచిత అందరికంటే ముందే వచ్చింది. లైనును చెట్టు నీడకు మార్చింది. “ఎండల పడి వచ్చిండ్రు. జరసేపు నిలబడుర్రి,” అంటూనే మాటిమాటికీ రోడ్డు వైపు చూసింది.

ఆఖరికి భాగ్య కనిపించింది. యూనిఫాం వేసుకుంది గానీ, గేటు దాకా రాలేదు. రోడ్డుకు అవతలే ఆగిపోయింది.

“అగో, జరం పిల్ల!” లైన్లో ఎవరో అన్నారు.

“భాగ్యకు జరం లేదు!” రుచిత గొంతెత్తి అరిచింది. ఆ అరుపుకు మేడం కూడా బయటికి వచ్చారు. “నిన్న పసుపు ఉడికే మంటకాడికెల్లి వచ్చింది. నేనే అడగకుంట అరిసిన.”

రుచిత రోడ్డు దాటి వెళ్లి భాగ్యను నీడకు తీసుకొచ్చింది. కాసేపు ఆగి గన్ పెట్టింది. టిక్‌మంది. ఈసారి నోరు తెరవలేదు. గన్ను తిప్పి మేడంకూ, భాగ్యకూ మాత్రమే చూపించింది. మేడం తల ఊపారు. భాగ్య లోపలికి నడిచింది.

అఖిలేష్ నీడలోంచి బయటికొచ్చి మెడ సాచాడు. “ఎంతుందే? చెప్పవే, ఎంతుంది?”

“గది భాగ్యకు తెలుసు,” అంది రుచిత. “నువ్వు ముందుగాల ఎండలకెల్లి నీడకు జరుగు.”