తల వంచి మింగే మందు

“అమ్మగారికి ఈ క్యాప్సూల్ ఎవరిస్తారండీ?”

ఆసుపత్రి మందుల కౌంటరు వెనక నుంచి అడిగింది ఆ అమ్మాయి. అడుగుతూ, జారిపోతున్న కళ్లజోడును వేలితో పైకి నెట్టుకుంది.

అతనిది కళ్లజోళ్ల దుకాణం. అందుకే ముందు జోడునే చూశాడు. ఎడమ పక్క స్క్రూ వదులు. తర్వాత కళ్లను చూశాడు. వాటిలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

“మా వదిన.”

“ఎలా ఇస్తారు?”

“చేత్తో.”

“అది కాదండీ. అలాగే మింగిస్తారా, ఏమైనా చేసి ఇస్తారా?”

“అమ్మకి గొంతులో అడ్డం పడుతుంది. వదిన విప్పేసి, పొడి తేనెలో కలిపి పెడుతుంది.”

మందుల సంచి మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

“మీ వదినగారి వయసెంత? పిల్లలా?”

“ఇది మందుల షాపా, పెళ్లిళ్ల ఆఫీసా?”

“చెప్పండి. ఊరికే అడగడం లేదు.”

“పిల్లల్లేరు. దేవుడెప్పుడు కరుణిస్తాడా అని చూస్తున్నారు. చాలా?”

“అయితే ఆవిడ ముట్టుకోకూడదు.”

వరసలో వెనకున్నవాళ్లు తొంగి చూశారు. అతని చెవులు వేడెక్కాయి. అమ్మకు వచ్చింది రక్తంలో క్యాన్సరు. అది అంటుకునే జబ్బు కాదని చుట్టాలందరికీ చెప్పి చెప్పి అలిసిపోయాడు. చదువుకున్న ఈవిడ కూడానా?

“మా అమ్మని ముట్టుకుంటే ఏమవుతుందండీ?”

“అయ్యో, అమ్మని కాదు, మందుని!” ఆమె గొంతు తగ్గించింది. “అమ్మగారిని ఒళ్లో పడుకోబెట్టుకోమనండి, ఏం కాదు. ఈ మందు మాత్రం కడుపులో బిడ్డ ఉంటే బిడ్డకి చేటు. ఒక్కోసారి బిడ్డ ఉన్న సంగతి తల్లికే తెలీదు కదా! విప్పకూడదు, నమలకూడదు. అమ్మగారే తన చేత్తో తీసి వేసుకోవాలి. వదినగారిని వెంటనే డాక్టరుగారికి చూపించండి. ఇదంతా క్రితం నెల మీ అన్నయ్యగారికి చెప్పానే!”

“మా అన్నయ్య చెవులు ఇంట్లో పెట్టి వస్తాడండీ,” అన్నాడు నీరసంగా.

ఒకరి ప్రాణం నిలిపే మందు ఇంకా పుట్టని ప్రాణానికి ఎందుకు గిట్టదు? మేలునీ కీడునీ ఆ పైవాడు ఒకే గొట్టంలో ఎందుకు పెట్టినట్టు? దారంతా అదే ఆలోచన అతనికి.

డాక్టరుగారు వదినకు పరీక్షలు చేయించి, కడుపులో బిడ్డ లేదన్నారు. ఇన్నాళ్లూ ఆ మాట విన్నప్పుడల్లా ఏడ్చిన వదిన, మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

అమ్మ మాత్రం మొండికేసింది. “మింగితే అడ్డం పడుతుంది, విప్పితే కోడలికి కీడు. నాకొద్దురా ఈ మందు.”

మందు మానితే ఏమవుతుందో అతనికి తెలుసు. మళ్లీ కౌంటరు దగ్గరికి పరుగెత్తాడు.

“మింగేటప్పుడు అమ్మగారు తల ఎటు పెడతారు?” అడిగింది ప్రశ్నలమ్మ. మనసులో ఆమెకు అప్పటికే ఆ పేరు పెట్టేసుకున్నాడు.

“వెనక్కి. అందరూ అంతేగా?”

ఆమె గ్లాసు నీళ్లలో ఒక విటమిన్ క్యాప్సూల్ వేసింది. అది మునగలేదు. పడవలా తేలింది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి వింతగా చూశారు.

“తల వెనక్కి వాలిస్తే ఇది తేలి పళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. గడ్డం గుండెలకి ఆనిస్తే గొంతు వైపు తేలుతుంది. అప్పుడు గుటక వెయ్యాలి.”

“ఎక్కడ చదివారు?”

“చదివింది కొంత. మిగతాది, మీ అమ్మగారి సంగతి విన్నాక, నిన్న మా ఇంట్లో విటమిన్ క్యాప్సూల్‌తో నేనే మింగి చూశాను. మొదటిసారి చొక్కా అంతా తడుపుకున్నాను.”

అతను పకపకా నవ్వాడు. “ఆ జోడు ఇటివ్వండి. ప్రతిఫలంగా స్క్రూ బిగిస్తాను.”

మరుసటి వారం డాక్టరుగారికి చూపించుకోవడానికి అమ్మ వచ్చింది. కౌంటరు పక్కన బెంచీ మీద కూర్చుని, క్యాప్సూల్ నోట్లో వేసుకుని, నీళ్లు పుక్కిట పట్టి, గడ్డం గుండెలకు ఆనించింది. గుటక్.

అమ్మ నోరు తెరిచి నాలుకతో వెతుక్కుంది. “ఏదే? పోయిందే!”

తర్వాత ఆ అమ్మాయిని పైనుంచి కిందిదాకా చూసింది. “నీ వయసెంతమ్మా? ఇంట్లో ఎవరెవరుంటారు?”

ప్రశ్నలమ్మ అతని వైపు ఓరగా చూసింది. “ఇది మందుల షాపా పిన్నిగారూ, పెళ్లిళ్ల ఆఫీసా?”

“చెప్పు తల్లీ. ఊరికే అడగడం లేదు.”

ఆమె కళ్లజోడు పైకి నెట్టుకోబోయింది. అది జారలేదు. చేతికి ఏం పని చెప్పాలో తెలియక అతని వైపు తిరిగింది.

“మీరెందుకు తల వంచారు?”

“గొంతులో ఒక మాట అడ్డం పడిందండీ.”

“అది మాత్రం మింగెయ్యకండి,” అందామె.