గుట్టకింది మోటరు షెడ్డు

పత్తికొండ అవతల, గుట్టకింద ఉండే మోటరు షెడ్డు మంచిది కాదంటారు. మోటరు వేసే సుబ్బయ్య పోయిన ఎండాకాలం అందులోనే కరెంటు కొట్టి చనిపోయినాడు. అప్పటినుంచి పొద్దు గుంకితే ఆ దిక్కు పోయే మనిషి లేడు.

అందుకే ఆ మోటరు నీళ్లతో చేను పారించే శేషన్న కూతురు మహిమ, కర్నూల్లో నేర్చుకున్న కంప్యూటరు భాష పైథాన్‌తో చిన్న ప్రోగ్రాం రాసింది. రాత్రి పదకొండుకు చేన్లకు కరెంటు రాగానే, ఇంట్లో ల్యాప్‌టాప్ తనంతట తానే షెడ్డులోని కంప్యూటరు పెట్టెకు రహస్య గుర్తు చూపించి, లోపలికి పోయి మోటరు వేస్తుంది. దెయ్యానికి భయపడి మిషన్‌ను పంపిస్తాండావా అని పక్క చేను గిడ్డమ్మ ఎగతాళి చేసేది.

ఆ రాత్రి పదకొండు దాటింది... పన్నెండు దాటింది... కాలవలో చుక్క నీళ్లు లేవు.

నాలుగు దినాలుగా తడి లేక టమోటా చెట్లు తలలు వాల్చేసినాయి. తెల్లారేలోగా పారకుంటే పూత అంతా రాలిపోతుంది. శేషన్న గట్టుమీద కూలబడి, మట్టిని పిసుకుతా ఉన్నాడు. అది చూడలేక, ప్రోగ్రాం ఎందుకు పోలేదో చూద్దామని మహిమ ఇంటికి పరిగెత్తింది. దగ్గర దారి... షెడ్డు ముందరనుంచే.

అక్కడికి వచ్చి నిలబడింది. తలుపుకు తాళం వేసుంది. కండ్లముందర నాయన మొగమే. ఏమనుకుందో ఏమో, రేకు తలుపుకు నోరు ఆనించింది.

"సుబ్బయ్య మామా... మా చేను సచ్చిపోతాండాది. ఒక్క తడి ఇయ్యి."

గాలి ఆగిపోయింది.

లోపల — టక్!

మోటరు అందుకునింది.

మహిమ ఏడుస్తానే నవ్వింది. సిగ్నలు దొరక్క ప్రోగ్రాం ఆలస్యంగా పోయిందనుకుంది. ఇల్లు చేరేలోగా నాయన ఫోను.

"నీళ్లు వచ్చినాయమ్మా... నీ కంప్యూటరుకు దండం పెట్టల్ల."

ల్యాప్‌టాప్ తెరిచింది. తెరమీద ఒక ప్రశ్న నిలిచిపోయింది...

సాయంత్రం మెకానిక్కు షెడ్డులో పాత పెట్టె తీసి కొత్తది పెట్టిపోయినాడని అప్పుడు గుర్తొచ్చింది. ఎరగని మిషన్ ఎదురైతే లోపలికి పోయేదా అని ప్రోగ్రాం ఒకసారి అడుగుతుంది. నిరుడు పాత పెట్టెకు తనే చేత్తో జవాబు కొట్టి, ఆ సంగతే మరిచిపోయింది. ఆ జవాబు ప్రోగ్రాంలో రాయనే లేదు. పదకొండునుంచీ అది లోపలికి పోకుండా, గడపలోనే నిలబడుంది.

దూరంగా మోటరు తిరుగుతానే ఉంది. తెరమీద ఆ ప్రశ్న ఆమె వేలికోసం కాచుకోనుంది —

అవతల ఉండేది ఎవరో తెలియదు. నమ్మేదా... వద్దా?