మా పాలాయన

ఉస్మాన్‌గంజ్ వెనక సందులో నాలుగు బర్రెల సామ్రాజ్యాన్ని ఏలుతున్న నర్సింహకు ఆ ఉదయం చాయ తాగుతుండగా ఘోరమైన అవమానం జరిగింది. ల్యాబులో పాలపొడి అయిపోయిందని కూతురు స్రవంతి నోరు జారింది.

“పాలపొడితోని నీకేం పని బిడ్డా?”

“మలేరియా క్రిమిల ఒక ఎంజైముంటది బాపు. దాన్ని పట్టిచ్చే యాంటీబాడీని కుందేలు రక్తంలకెల్లి తీస్తరు. కాయితమసొంటి పొర మీద క్రిమి సరుకు పెట్టి, దాని మీద ఆ యాంటీబాడీ పోస్తం. అది ఎంజైముకే అతుక్కోవాలె గని, ఖాళీ జాగలల్ల గూడ అతుక్కుంటది. అందుకే ముందుగాల పొరను పాలల్ల నానబెడితే ఖాళీలన్ని కప్పుకపోతయి.”

“కుందేలుకున్న ఇజ్జత్ మన బర్రెలకు లేకపాయె,” అంది తల్లి పుష్పమ్మ, భర్త గ్లాసు నింపుతూ.

నర్సింహ నవ్వలేదు. ఇంట్లో పాడి ఉండగా కూతురు డబ్బా పొడి కలుపుకోవడం ఆయన వంశప్రతిష్ఠకు సంబంధించిన విషయం.

వంశప్రతిష్ఠ గురించి స్రవంతి ఏర్పాట్లు వేరు. తండ్రిది “డెయిరీ బిజినెస్” అని ల్యాబులో చెప్పుకుంది. అబద్ధం కాదు. విన్నవాళ్లు పొగగొట్టాలున్న కర్మాగారాన్ని ఊహించుకుంటే అది వాళ్ల ఊహాశక్తి ఘనత. ఆమె సరిదిద్దలేదు, అంతే.

మధ్యాహ్నం ఆ కర్మాగారాధిపతి మోపెడ్ మీద, పాలక్యానుతో, పేడ ఎండిన చెప్పులతో కంచన్‌బాగ్‌లోని ల్యాబుకు వేంచేశాడు. స్రవంతి పరిశోధనకు గైడైన తనూజ మేడమ్ తలుపు దగ్గరే ఉంది.

“ఎవరు స్రవంతీ?”

“మా పాలాయన, మేడమ్.”

ఆ మాటకు స్రవంతికి ఆలోచన కూడా అవసరం కాలేదు. తరువాత అదే ఎక్కువగా కాల్చింది.

నర్సింహ కూతురి ముఖంలోకి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అవు మేడమ్. పాలేడ పెట్టాలె?” అన్నాడు, కూతురితోనే.

వెన్న తీయని పాలు ప్రయోగానికి పనికిరాలేదు. క్యాంటీన్ చాయకు పనికొచ్చాయి. “మీ పాలాయన పాలు అమృతం. రోజూ పొయ్యమందాం, నంబర్ పంపించు,” అంది తనూజ. స్రవంతి ఫోనులో ఆ నంబరు ‘బాపు’ అన్న పేరు మీద ఉంది. ఆమె పంపలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పుష్పమ్మ ముఖం వెలిగిపోతోంది.

“నీ మేడమ్ మీ బాపుకు కుర్చీ ఏసి కూసోబెట్టిందంటగదనే. మంచి బిడ్డను కన్నరన్నదంట.”

స్రవంతి కొట్టంలోకి నడిచింది. నర్సింహ తల ఎత్తకుండా కుడితి కలుపుతున్నాడు.

“అమ్మకు ఎందుకట్ల చెప్పినవ్ బాపు?”

“ఏం చెప్పిన? కాళ్లు కడుక్కో పో, బువ్వ తిందువు.”

“తిట్టరాదు నన్ను.”

ఆయన చెయ్యి కుడితిలోనే ఆగింది. “చెప్పులు మార్చుకోని రావలసింది నేను.”

పొద్దున ఖాళీలు కప్పే విద్య గురించి తండ్రికి పాఠం చెప్పిన పండితురాలు అక్కడే ఏడ్చేసింది. ఏడుస్తూనే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టింది.

“మేడమ్, నంబర్ పంపిస్తున్నా. ఆయన మా పాలాయన కాదు, మా నాన్న. మీకు అబద్ధం చెప్పాను.”

అవతల నుంచి తనూజ గొంతు వినిపించింది. “అయ్యో, ఆయన్ని నిలబెట్టే పంపించేశాం కదా స్రవంతీ.”

గుమ్మంలో పుష్పమ్మ గరిటెతో అలాగే నిలబడిపోయింది. లోపలికి వెళ్లి ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీ తెచ్చి కూతురి చేతికిచ్చింది.

స్రవంతి దాన్ని బర్రెల మధ్య వేసింది. “కూసో బాపు.”

“పేడ అంటుతది బిడ్డా.”

“అంటనీ.”