ఎడమ చెవి పదులు, కుడి చెవి ఒకట్లు

హత్యల జాబితా సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఈమెయిల్‌లో వచ్చింది. చనిపోవలసినవి నాలుగు వందల పన్నెండు. గడువు సాయంత్రం నాలుగు.

జాబితాలో ఉన్నవి ఎలుకలు. పంపింది మెయ్‌నూత్ ఊరి బయట ఉన్న ఒక పరిశోధన సంస్థ. తేదీ 2020 మార్చి 30. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదని ఐర్లండ్‌లో ఆంక్ష మొదలై మూడో రోజు. మనుషులు రాని ల్యాబులో ఎలుకలు ఉండకూడదని సంస్థ తేల్చింది.

ఖాదర్ ఆ జాబితాను బోనులు కడిగే గదిలో చదివాడు. అతను డాక్‌ల్యాండ్స్ అనే ఆఫీసుల పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టరని ఇంటి ఓనరుకు తెలుసు. క్లీనరని సంస్థకు తెలుసు. ఢిల్లీలోని ఒక విభాగానికి ఏజెంటని పై అధికారి జనార్దనరావు ఒక్కడికే తెలుసు. పది రోజులుగా ఖాదర్ మూత్రంతో తడిసిన రంపపు పొట్టు గీకుతున్నాడు. మాస్కు ఆ వాసనను ఆపదు, లోపల దాచిపెడుతుంది.

ఫోన్ మోగింది. డ్రోహెడా ఊరి నుంచి జనార్దనరావు.

"ఏమోయ్, కళ్ళజోడు కెమెరా పనిచేస్తోందా?"

"మాస్కు పెట్టుకుంటే ఆవిరి పడతాంది సార్. పొగమంచు తప్ప ఏం కనపడదు."

"తీసి జేబులో పెట్టుకో. పని ఈరోజే. ఆ విదేశీ కంపెనీవాళ్ళు గేటు దగ్గరికి వ్యాన్ పంపుతున్నారు. పన్నెండో నంబరు, పదమూడో నంబరు ఎలుకలు వాళ్ళకి కావాలి, అవి గేటు దాటకూడదు. మిగతావన్నీ చస్తే వాళ్ళకి ఇంకా మంచిది."

"రెండు ఎలుకల కోసమా?"

"విను. పిండంలో మెడ ఎక్కడ, పక్కటెముకలు ఎక్కడ, తోక ఎక్కడ అని చెప్పే జన్యువులు క్రోమోజోమ్ మీద వరసగా ఉంటాయి. ముందున్నది ముందు తెరుచుకుంటుంది, తల వైపు పనిచేస్తుంది. చివరున్నది చివర్లో, తోక వైపు. హైదరాబాద్ ల్యాబువాళ్ళు ఒక జన్యువును దాని చోటు నుంచి తీసి వరస చివర పెట్టారు. జన్యువు అదే. చోటు మారేసరికి ఆలస్యంగా తెరుచుకుంది, తోక వైపు పనిచేసింది."

"ట్రాన్స్‌ఫర్ అయిన గుమస్తా మాదిరి."

"అంతే, కొత్త ఆఫీసు టైమింగే దానిది. హైదరాబాద్‌లో ఉన్న ఎలుకలు జనవరిలో జబ్బు చేసి పోయాయి. ఇది మేమే కనిపెట్టామని ఈ కంపెనీ పేటెంట్ వేసింది. కాదని చూపించడానికి, ఇక్కడికి పంపినవాటిలో మిగిలినవి ఆ రెండు ఆడ ఎలుకలు, వాటి కడుపులో పిండాలు. లోపల మన మనిషి ఉంది. కోడ్ గుర్తుందిగా?"

"బిన్నులు ఏ రోజు తీస్తారని అడగాల."

మన మనిషి అంటే డాక్టర్ వర్షిణి, సంస్థ పశువైద్యురాలు. జూమ్‌లో ఆమె లిప్‌స్టిక్‌తో, జుంకాలతో కనిపిస్తే డైరెక్టర్లు తమ వీడియో ఆన్ చేస్తారు. ఎలుకల గదిలో ఆమెకూ క్లీనరుకూ ఒకటే నీలం గౌను.

"బిన్నులు ఏ రోజు తీస్తారు మేడమ్?"

"బుధవారం. గ్రీన్ బిన్." ఆమె గొంతు తగ్గించింది. "ఆ రెండూ వదిలెయ్యమని యోగితకి చెప్పా. అంతా గ్రాండ్. నువ్వు గేటు చూసుకో."

యోగితది కరీంనగర్. ఆ ఎలుకల మీద నాలుగేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది. అవి పోతే ఆమె థీసిస్‌లో అట్టలే మిగులుతాయి. టెక్నీషియన్లు రావడం మానేశారు కాబట్టి, జాబితాలోవాటిని చంపే పనీ ఆమెకే పడింది. పన్నెండు, పదమూడు ఇంకో మూడు ఆడ ఎలుకలతో ఒకే బోనులో ఉన్నాయి. అన్నీ నల్లవే. గర్భం తొమ్మిదో రోజే కాబట్టి కడుపు బయటికి తెలియదు. వాటిని చెవి గాట్లను బట్టే గుర్తుపట్టాలి. ఖాదర్‌కు నేర్పింది యోగితే. మెడ పట్టుకుని, ముక్కు అవతలికి తిప్పాలి. ఎడమ చెవి గాట్లు పదులు, కుడి చెవివి ఒకట్లు.

మూడు నలభైకి వర్షిణి ఒక పెట్టెతో గేటు దగ్గరికి వచ్చింది. మీద కోవిడ్ టెస్ట్ కిట్లు అని రాసి ఉంది. బయట వ్యాన్ ఆగి ఉంది. పెట్టెలో ఏదో గీరుతోంది.

"ఆగండి మేడమ్. బయటికి పోయే పెట్టె తుడవాల."

"అవసరం లేదు ఖాదర్."

"రూలు మీరే రాసినారు."

అతను మూత తీశాడు. రెండు ఎలుకలు.

వర్షిణి వ్యాన్ వైపు చూసింది. దాచే ప్రయత్నం చేయలేదు. "వాళ్ళు నాకు సొంత ల్యాబ్ ఇస్తున్నారు. మీ జనార్దనరావు అంకుల్ ఆరేళ్ళుగా ఏమిచ్చాడు? ప్రతి దీపావళికీ కాజాలు పంపిస్తానంటాడు. అవీ రావు."

"ఆ పిల్లది నాలుగేళ్ళ పని."

"ఇంకో టాపిక్ తీసుకుంటుంది. వయసుంది కదా."

ఖాదర్ పెట్టెలో చేయి పెట్టాడు. ఏదో ఒకటి చేయాలని ఒక ఎలుకను మెడ పట్టుకుని ఎత్తాడు. ఎడమ చెవికి రెండు గాట్లు, కుడి చెవికి ఒకటి. ఇరవై ఒకటి. రెండోది ఎత్తాడు. ముప్పై ఒకటి.

"ఇవేనా మేడమ్, పన్నెండు, పదమూడు?"

"నా మొహానికెదురుగా పట్టుకుని రెండుసార్లు చూశా."

ఎదురుగా పట్టుకుంటే ఎలుక ఎడమ చెవి మన కుడి వైపుకు వచ్చి, ఇరవై ఒకటి పన్నెండులా కనిపిస్తుంది. ఆమె చదువుకున్న చోట అదే పద్ధతి కావచ్చు. ఇక్కడి పద్ధతి ఏమిటని పశువైద్యురాలు ఒక విద్యార్థిని అడగలేదు.

"బోనులో మిగిలినవో?"

"యోగిత ఈపాటికి గ్యాస్ తిప్పి ఉంటుంది."

ఖాదర్ మూత పెట్టి, తుడిచి, పెట్టె ఆమె చేతికిచ్చాడు. "పోయి రండి మేడమ్."

"గుడ్ మ్యాన్," అంది వర్షిణి.

తలుపు మూసుకునేదాకా నడిచాడు. తర్వాత పరిగెత్తాడు.

గ్యాస్ గదిలో యోగిత గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. చేయి వాల్వ్ మీద ఉంది. అద్దం పెట్టెలో మూడు ఎలుకలు. రెండు పడిపోయాయి. ఒకటి తూలుతోంది. ఖాదర్ ఆమె చేయి తోసి వాల్వ్ మూసి, మూత లాగాడు.

"అన్నా, ఏం జేస్తున్నవ్?"

"చెవులు చూసినావా?"

"చూడలే. చూస్తే చంపుడు నాతోని కాదు. ఆ రెండు తీస్కపోయిన అని డాక్టర్ మేడమే చెప్పింది."

"ఇప్పుడు చూడు."

ఆమె చూసింది. పేపర్ టవల్ మీద మూడింటినీ పడుకోబెట్టింది. తూలుతున్నది లేచింది. పన్నెండు వెనక కాలు కదిపింది. పదమూడు కదలలేదు. యోగిత దాని వీపు మీద వేలితో రుద్దుతూనే ఉంది. గోడ గడియారంలో నిమిషం ముల్లు ఒక గీత దాటింది. దాని డొక్క ఒకసారి పైకి లేచింది. మళ్ళీ లేచింది.

యోగిత నేల మీద కూర్చుంది. గ్లోవ్స్ తీసి పక్కన పెట్టి, మాస్కులోనే ఏడ్చింది.

ఆరింటికి ఖాదర్ చచ్చిన ఎలుకల పసుపు సంచులను ఫ్రీజర్‌కు మోస్తుండగా జనార్దనరావు ఫోన్ చేశాడు.

"ఆమెను ఎందుకు వదిలావని తిడదామనుకున్నా. రెండు కిలోమీటర్లు దాటారని వ్యాన్‌ను పోలీసు గార్డులు ఆపారట. పెట్టె తీసుకోవడానికి వచ్చిన కంపెనీవాళ్ళనూ ఆపారు. అందరి పేర్లూ, అడ్రసులూ రాసుకున్నారు. మూడేళ్ళుగా నాకు దొరకనివి. సరే, రిపోర్టు రాయాలి. పన్నెండు, పదమూడు, వాటితో ఉన్న ఇంకొకటి క్షేమం. రెండు శత్రువు దగ్గర. మిగతావాటిని ఎవరు చంపారని రాయను?"

ఖాదర్ సంచి కింద పెట్టాడు.

"ఎవరూ చంపలేదని రాయండి సార్. అవి రూలు ప్రకారం పోయినాయి."