ఊపిరి వంతు

ఆ పూట దెబ్బలు తినే వంతు అప్పలకొండది.

చంద్రుడి నేల అడుగున, ఎప్పుడో లావా పారి ఖాళీ అయిన సొరంగంలో కట్టుకున్న గవిపట్నంలో అదొక మామూలు ఉదయం. మూడో గది జనం పళ్ళు తోముకుని, అంబలి తాగి, గది నడుమ బరి చుట్టూ చేరారు. చొక్కా విప్పి నిలబడ్డ అప్పలకొండకు మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఇనప గొట్టం. రెండోది మోకాలి చిప్ప మీద పడేసరికి అరిచి కూలబడ్డాడు. ఆ అరుపుకు చుట్టూ ఉన్నవాళ్ళ ముంజేతి కడియాలన్నీ ఎర్రబడ్డాయి. పైన గాలి మర హోరు పెంచింది.

పగిలిన సౌరఫలకాలు బాగుచేయడానికి నెలల కింద పైకి వెళ్ళిన ఇంజినీరు నూకరత్నం అప్పుడే కిందికి దిగింది. బరిలో ఉన్నది తన అన్న అని చూడగానే జనాన్ని మోచేతులతో తోసుకుని వచ్చేసింది.

"ఒలే గుంటా, తప్పుకో," అన్నాడు గది పెద్ద బైరాగి, చేతిలో గొట్టం దించకుండానే. "మజ్జిలో రాకూడదు. వంతంటే వంతే."

"మా అన్నియ్య, పెద్దయ్యా! సచ్చిపోతాడు!"

"గాలి సాలినంత వరకే కొడతాం. పిల్లలకి ఊపిరాడకపోతే నువ్వొచ్చి ఊదుతావేటి?"

రత్నం తలెత్తి గాలి మర వైపు చూసింది. ఆ మాటలో ఉన్న నిజం ఆ గదిలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు మరి.

గవిపట్నాన్ని నడిపేది ఒకే ఒక కంప్యూటర్. దాని మెదడు చాలా కోర్లుగా విడిపోయి ఉంటుంది. ఏ పని ఏ కోర్ మీద ఎప్పుడు నడవాలో పంచిపెట్టేది షెడ్యూలర్. జనం దాన్ని ముద్దుగా వంతులమ్మ అనేవారు. ఏ కోర్ ఎంత వేగంతో నడవాలో తేల్చేది ఫ్రీక్వెన్సీ గవర్నర్, అంటే వేగపాలకుడు. ఈయనగారు పరమ పిసినారి. తీరిగ్గా కనబడిన కోర్ వేగం ఠక్కున తగ్గించేస్తాడు. పనితో సతమతమయ్యే కోర్ కే కరెంటు ధారపోస్తాడు. వంతులమ్మ పని ఎలా పంచితే ఆయన కంటికి లోకం అలాగే కనబడుతుంది. అంతకు మించి ఆయనకేమీ తెలియదు.

ఆకాశం నుంచి రాళ్ళు పడి ఫలకాలు పగిలి, కరెంటు కరువయ్యాక ఆ పిసినారితనం ప్రాణాల మీదికి వచ్చింది. గాలి మరను తిప్పే ప్రోగ్రాం బతుకులో సగానికి పైగా ఎదురుచూపే. మూత తెరవమని చెబుతుంది, తెరుచుకునేదాకా ఆగుతుంది. మళ్ళీ చెబుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఆ ఆగడాన్ని వేగపాలకుడు సోమరితనం కింద జమకట్టాడు. కోర్ వేగం పడిపోయింది, మర నత్తనడక పట్టింది, చంటిపిల్లలు తల్లుల ఒళ్ళో తలలు వాల్చేశారు.

అలాంటి రోజుల్లో నీళ్ళ దగ్గర కొట్లాట జరిగి, బిందె దెబ్బకు ఒకడి తల పగిలింది. గాలి హోరున వచ్చింది! జనం తెల్లబోయారు. కారణం వాళ్ళ కడియాలే. అవి గుండెనూ ఊపిరినీ కనిపెట్టి ఉంటాయి. గుండె అదిరితే వాటి లెక్కలు కుప్పలుగా పెరుగుతాయి. గది నడుమ చేరిన మనుషుల లెక్కలనూ, నెత్తిన ఉన్న గాలి మరనూ వంతులమ్మ ఒకే కోర్ కి అప్పగించేది. లెక్కల భారం చూసి వేగపాలకుడు వేగం పెంచితే, పెళ్ళి బస్సులో ఊరికే ఎక్కి కూర్చున్నవాడిలా గాలి ప్రోగ్రాం కూడా ఆ వేగంతోనే దూసుకుపోయేది.

వీళ్ళంతా శ్రీకాకుళం తీరాన పెద్దవల లాగిన జాలర్ల మనవలు. వంతులేసుకోవడం వాళ్ళ ఒంట్లోనే ఉంది. కష్టం అందరికీ సమంగా ఉండాలని మొదట్లో గది నాలుగు మూలలా నిలబడి తలో చెంపదెబ్బ పంచుకున్నారు. ఎంత మంచివాళ్ళో చూడండి! వంతులమ్మ ఆ కాస్త భారాన్నీ అన్ని కోర్లకూ సర్దేసింది. ఏ కోర్ కీ చెమట పట్టలేదు, మర కదలలేదు. సమంగా పంచుకున్న బాధ యంత్రానికి ఆనదని అప్పుడు తెలిసింది. దాంతో అందరూ ఒకచోట చేరి ఒక్కడినే, రక్తం కళ్ళచూసేదాకా కొట్టడం మొదలుపెట్టారు. వంతు మాత్రం న్యాయంగానే తిరుగుతోంది. ఇవాళ కొట్టినవాడు మరోరోజు తినాలి.

పైన ఫలకాలు బిగిస్తున్నప్పుడల్లా రత్నం దీనికి మందు ఆలోచించింది. దొరికింది కూడా. గాలి ప్రోగ్రాం ఏ కోర్ మీద ఉంటే ఆ కోర్, ఎంత ఖాళీగా కనబడినా సరే, ఒక కనీస వేగానికి కిందికి జారకూడదు. ఒక్క ఆజ్ఞ చాలు. ఆమె యంత్రాల గది వైపు పరుగెత్తింది. వెనక ఎముక విరిగిన చప్పుడు వినబడింది.

యంత్రాల గదిలో చలి కొరుకుతోంది. ప్రధాన శాస్త్రవేత్త పాణిగ్రాహి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆమె రొప్పుతూనే యంత్రానికి ఆజ్ఞ చెప్పింది.

"ఆ ఆజ్ఞ ఇప్పటికే అమల్లో ఉంది," అంది యంత్రం.

రత్నం పాణిగ్రాహి వైపు తిరిగింది.

"పెట్టి నెల దాటింది, రత్నం," అన్నాడాయన. "ఇక్కడ హీటర్లు ఆపేసి ఆ కరెంటు గాలి మరకు మళ్ళించాను. పిల్లలకీ పెద్దలకీ ఊపిరి సరిపోతుంది."

"మరి కొట్టినప్పుడు హోరెందుకొస్తోంది సార్?"

"వేగం ఇంకా పెరుగుతుంది కనక. అదంతా ఉత్త హోరే. అవసరమైన గాలి ముందునుంచే వస్తోంది."

"మూడో గదిలో చెప్పలేదా?"

"బైరాగిని పిలిచి చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయాడు." ఆయన ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "తరవాత నేను అటు వెళ్ళలేదమ్మా. భయమేసింది."

రత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఆ ముసలి బైరాగి పెత్తనం కోసం ఇంత మాట దాచాడు! గది మొత్తాన్నీ వెర్రివాళ్ళని చేసి ఆడిస్తున్నాడు! మాట బయటపెడితే జనమే వాణ్ణి చీల్చేస్తారు. అన్న బతుకుతాడు. ఆ ఆశతోనే ఆమె వచ్చిన దారిన పరుగు తీసింది.

బరిలో అప్పలకొండ బోర్లా పడి ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చెయ్యి మోచేతి దగ్గర ఉండకూడని వైపుకు వంగి ఉంది. రత్నం బైరాగి చేతిలో గొట్టం లాగి అవతల పారేసింది.

"ఆపండి!" అని అరిచింది. "గాలి దెబ్బలకి రావట్లేదు! యంత్రం బాగుచేసి నెల దాటింది. ఈడికి తెలుసు! మీకు సెప్పలేదు!"

ఆమె జనం మొహాల్లో కోపం కోసం వెతికింది. ఎవరూ బైరాగి వైపు చూడలేదు. నిజమా అని ఒక్కరూ అడగలేదు. ఒకామె బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. ముందు వరసలో మగవాళ్ళు నేల చూపులు చూశారు.

"తెలుసు," అన్నాడు బైరాగి నెమ్మదిగా. "ఆ రోజే అందరికీ సెప్పినాను."

రత్నం అన్న పక్కన మోకాళ్ళ మీద పడి అతని తల ఎత్తింది. "అన్నియ్యా, లెగు. ఇన్నావు కదా? పోదాం పద."

"నాకూ తెలుసు, సెల్లీ," అన్నాడు అప్పలకొండ. నోట్లోంచి రక్తం కారుతోంది. "సింహాద్రిని నాను కొట్టినప్పుడే తెలుసు."

సింహాద్రి బరిలో చనిపోయాడన్న కబురు పైన ఉండగానే ఆమెకు అందింది. ఎవరి చేతిలో పోయాడో ఎవరూ చెప్పలేదు.

"తెలిసీ ఎందుకు కొట్టావు?"

"కొట్టే వంతు నాది. అందరూ సూస్తన్నారు. ఆపలేపోయాను." అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వు అరిసిన మాట నిజమని ఒప్పుకుంటే నాను ఖూనీకోరుని. ఈళ్ళంతా ఖూనీకోరులు. ఇప్పుడు నాను లెగిసి పోతే ఆడిని ఊరికే సంపినట్టే కదా. ఒగ్గీ నన్ను."

"ఒగ్గను!" ఆమె అతన్ని రెండు చేతులా చుట్టేసింది.

ముందు వరసలోంచి సింహాద్రి భార్య గౌరమ్మ లేచింది. ఆమె అయినా ఆపుతుందనుకుంది రత్నం. గౌరమ్మ వచ్చి రత్నం జుట్టు పట్టుకుని బరి బయటికి ఈడ్చింది. నోరు గట్టిగా మూసి, మీద కూర్చుంది.

"మా ఆయన పిల్లల ఊపిరి కోసం పోయాడు," అంది చెవిలో. ఆమె కళ్ళ నీళ్ళు రత్నం చెంప మీద పడుతున్నాయి. "ఇంకో మాట ఆడినావంటే పీక నొక్కేస్తాను."

బైరాగి వెళ్ళి గొట్టం ఏరుకొచ్చాడు. జనం మళ్ళీ దగ్గరికి జరిగారు.

"కానీండి," అన్నాడు అప్పలకొండ.