కత్తిరించిన ఊపిర్లు

రెండువేల ఆరో సంవత్సరం మాట. కుందలహళ్ళిలో అద్దె ఇంటి వెనక గదినే స్టూడియో చేసుకున్నాడు సొన్నప్ప. గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి కంబళి. మిట్టమధ్యాహ్నమైనా లోపల చీకటే, ముక్కిపోయిన కంబళి వాసనే. ఏళ్ల తరబడి ఎవరెవరి పాటలకో కోరస్ పాడిన అతని భార్య అంబిక, ఇన్నాళ్లకు సొంతంగా ఒక పాట పాడింది. పొద్దున రికార్డు చేసి, అలవాటుగా, పాట మధ్య ఆమె తీసుకున్న ఊపిర్లన్నీ కత్తిరించి పారేశాడు. ముందుపన్ను కాస్త విరిగి ఉండటంతో ఆమె ఊపిరి పీలిస్తే చివర సన్నగా ఈల వస్తుంది. పాటలో అది బాగుండదంటాడు.

ఇక పియానో కలపాలి. నిజం పియానో కొన్నా ఆ గదిలో ఎక్కడ పడుతుంది! దాని ఒక్కో మెట్టు శబ్దాన్నీ రికార్డు చేసి కంప్యూటర్లోకి ఎక్కించిన పియానోలు మూడున్నాయి అతని దగ్గర. కంప్యూటరుకు తగిలించిన కీబోర్డుమీద మొదటిది వాయిస్తే స్టీలు పళ్లెం కిందపడ్డట్టుంది. రెండోదానికి జలుబు చేసింది. మూడోది ఏదో పాత హార్డ్ డిస్కులో వచ్చింది, పేరు లేదు. ఒక మెట్టు నొక్కాడు. ప్రాణం లేచొచ్చింది. వేలు తీశాడు. స్పీకర్లో ఎవరో మెల్లగా ఊపిరి పీల్చారు.

వాయించినోడి ఊపిరి కూడా పట్టేశారే అని మురిసిపోయాడు, పిచ్చి మారాజు. పాటంతా దానిమీదే వాయించాడు. వేలు తీసినప్పుడల్లా ఊపిరి... చివర సన్నటి ఈల...

చెయ్యి ఆగిపోయింది.

వంటింట్లో గిన్నె పడింది.

పరుగెత్తాడు. అంబిక గోడకానుకొని కూలబడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"ఊపిరి... రావడంల్యా," అంది గుసగుసగా. "నువ్వు వాయిస్తా ఉంటే... వస్తా ఉండె."

ఎత్తుకొచ్చి కీబోర్డుకు ఎడమపక్కన కూర్చోబెట్టాడు. మెట్టు నొక్కి వదిలాడు. స్పీకర్లో ఈల. ఆమె రొమ్ము ఎగసింది. అతను ఆగితే అదీ ఆగింది. మొదటి పియానోకు మార్చాడు. ఏమీ లేదు. రెండోదీ అంతే. మళ్లీ మూడోదే పెట్టాడు, ఇక ఎంచుకునేదేముంది.

ఫోను ముందుగదిలో ఉంది. లేస్తే ఆమె పోతుంది. వాయిస్తూనే అరిచాడు. శబ్దం బయటికి పోకూడదని తన చేతులతో అంటించిన అట్టలే ఆ అరుపును మింగేశాయి.

కరెంటు పోయింది.

కంప్యూటరు కింద యూపీఎస్ కుయ్‌మంది. బ్యాటరీ ఎప్పటి నుంచో అంతంతమాత్రం.

"ఆపొద్దప్పా," అంది అంబిక.

కుయ్... కుయ్... కుయ్‌కుయ్...

తెర ఆరిపోయింది.

పలకని మెట్లనే నొక్కుతూ కూర్చున్నాడు, ఏడుస్తూ. తొడమీద ఆమె చెయ్యి చల్లబడిపోయింది. ఎంతసేపో తెలియదు. చివరికి ఒక మెట్టుమీద వేలు అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు కుడిపక్కనుంచి, చెవికి ఆనుకొని... ఊపిరి. చివర సన్నటి ఈల.

కుడిపక్కన ఉన్నది గోడ. అతను వేలు ఇంకా తీయలేదు.