మోచేతి దాకా గాజులు

పాత పోస్టాఫీసు దగ్గరి మెయిన్ రోడ్డులో ఒకప్పుడు సాయంత్రమైతే సైకిలు దిగి నడిపించుకుపోవాల్సి వచ్చేది. ఇప్పుడు రోడ్డు నడిమధ్య ఆవులు పడుకుని నెమరేస్తున్నాయి. హారన్ కొట్టి వాటిని లేపే బండి కూడా రావడం లేదు. మూసేసిన కొట్ల తలుపుల మీద రేవు నుంచి కొట్టుకొచ్చిన ముడి ఇనుము దుమ్ము ఎర్రగా పేరుకుంది. దాని మీద పిల్లలు వేళ్ళతో పేర్లు రాసుకున్నారు. కొన్నాళ్ళకి ఆ పేర్ల మీద కూడా దుమ్ము పడింది.

ఇంకా తెరిచి ఉన్న వాటిలో గౌరీశ్వరి గాజుల కొట్టొకటి. కొట్టని పేరే గాని, రెండు గోడల మధ్య సందుకి తలుపు బిగించారంతే. ఆమె కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఎదురుగా ఒక్క మనిషికి చోటుంటుంది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అక్కడ కూర్చుని ఆమెకి చెయ్యందించినవాళ్ళే. మొహాలు ఆమెకి గుర్తుండవు. దారిలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేస్తుంది. చెయ్యి పట్టుకుంటే మాత్రం ఆ మనిషిది ఏ వీధో, ఎన్నో కాన్పు తరవాత వేళ్ళు లావెక్కాయో కూడా చెప్పేస్తుంది.

వీధి ఎందుకు చచ్చిపోయిందో మగవాళ్ళు దాలయ్య కాఫీ హోటల్లో కూర్చుని రకరకాలుగా తేల్చేవారు. బస్సులన్నీ కొత్త కాంప్లెక్సుకి పోయినందువల్లనని ఒకరు, స్టీలు ప్లాంటు జీతగాళ్ళకి ద్వారకానగర్ అద్దాల కొట్లు తప్ప కంటికి ఆనడం లేదని ఇంకొకరు. అన్నీ అయ్యాక ఎవరో ఒకరు గొంతు తగ్గించి, బట్టల కొట్టు భీమశంకరరావు మొదటి భార్య గంగాభవాని ఉసురు తగిలిందనేవాడు. మిగతావాళ్ళు భక్తిగా తలలూపేవారు. బతికున్నన్నాళ్ళూ ఆ పిల్ల ఏడుపు ఒక్కటి చెవిన పెట్టని వీధి, చచ్చాక దాని ఉసురుకి మాత్రం ఎంత మర్యాద చేసిందో!

ఆ మాట వినబడినప్పుడల్లా గౌరీశ్వరి గాజులు సర్దడం మొదలుపెట్టేది. సర్దినవే మళ్ళీ సర్దేది.

ఆ రోజు ఎండ తగ్గుతూండగా గవర్రాజు వచ్చాడు. భీమశంకరరావు కొట్లో గుమాస్తా. కొట్టు ఈ వీధిలో ఉన్నప్పుడూ అతనే, ద్వారకానగర్‌కి తరలిపోయాకా అతనే. సైకిలు గోడకి ఆనించి, వీధిని ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, ఇక్కడ దెయ్యాలకి కూడా బేరాల్లేవులా ఉందే అప్పా అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. కొత్త కొట్లో చీరలు కొన్న ఆడవాళ్ళు మ్యాచింగు గాజులకి వెతుక్కుంటున్నారట. మెట్ల కింద మూల ఆమెకి ఇప్పించమని షావుకారు చెప్పారట. అద్దె అడగరట. ఆ మూల దొరికితే ఆమె ముసలితనం గడిచిపోతుంది.

"అయితే ముందు అమ్మగారికి గాజులెయ్యాల. ఇయ్యాలే రమ్మన్నారు. రెండు సేతులకీ, మోసేతి దాకా, నిండుగా."

గౌరీశ్వరి చేతిలో ఉన్న గాజుల దండ ఆగిపోయింది.

"ఎవురన్నారా మాట?"

"లోపల్నుంచి కబురొచ్చింది. ఎవురైతే ఏటి? షావుకారు మంచం దిగడం లేదు గదా. సందలడితే సాలు, ఊపిరందడం లేదంతన్నారు. డాక్టర్లేమో గుండెలో ఏటీ లేదంతన్నారు."

మోచేతి దాకా నిండుగా. ఆ మాట ఆమె అంతకుముందు ఒక్కసారే వింది. ఏడెనిమిదేళ్ళ కిందట, ఇదే వీధి వెనకున్న భీమశంకరరావు పాత మేడలో. గంగాభవాని పోయింది, ముత్తయిదువ చావు, గాజులేసి సాగనంపాలి, రమ్మని కబురొస్తే, గాజుల మలారం భుజాన వేసుకుని వెళ్ళింది. ఆ పిల్లకి మూర్ఛలనీ, తెల్లారుతూండగా మూర్ఛలోనే పోయిందనీ చెప్పారు. భీమశంకరరావు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మోచేతి దాకా నిండుగా వెయ్యండి. వాళ్ళమ్మ సాయంత్రం బండికి వస్తుంది. బోసి చేతులు చూసి తట్టుకోలేదు."

తల్లి ఏం చూసి తట్టుకోలేదో గౌరీశ్వరికి చెయ్యి పట్టుకోగానే అర్థమైంది. మణికట్టు చుట్టూ తాడు ఒరిసిన గుర్తు. పైన ఇంకొకటి. ఆ పైన పాతది, మానినది.

అయినా ఆమెని ఇన్నేళ్ళు నిద్రపోనివ్వనిది ఆ గుర్తు కాదు.

గాజు తొడిగించుకునేటప్పుడు ప్రతి ఆడదీ ఒక పని చేస్తుంది. బొటనవేలు అరచేతిలోకి ముడిచి చెయ్యి సన్నం చేసుకుంటుంది. ఎవరూ నేర్పరు. అయిదేళ్ళ పిల్లయినా చేస్తుంది. తనని తాను చిన్నది చేసుకోవడం ఆడదానికి ఉగ్గుతో పట్టించిన విద్య. గంగాభవాని ఎడమ చేతికి మొదటి గాజు ఆనించి నొక్కబోయింది గౌరీశ్వరి...

బొటనవేలు లోపలికి ముడుచుకుంది.

మెల్లిగా. తనంతట తనే.

గౌరీశ్వరి తలెత్తింది. భీమశంకరరావు ఆమెనే చూస్తున్నాడు. ఆమె తల దించుకుని గాజు ఎక్కించింది. తరవాత ఇంకొకటి. మోచేతి దాకా. తల్లి వచ్చి, నిండు చేతులు కళ్ళకద్దుకుని ఏడ్చింది. దీపాలవేళకి ఎత్తుకుపోయారు. కాల్చేశారు.

నోరు మూసుకోమని ఎవరూ అనలేదు. చేతిలో ఏమీ పెట్టలేదు, బెదిరించలేదు. అన్నీ ఆమే ఆలోచించుకుంది. పోలీసులొస్తే బట్టల కొట్టు మూతపడుతుంది. భీమిలి నుంచీ అనకాపల్లి నుంచీ ఆడవాళ్ళు వచ్చేది ఆ కొట్టుకే. చీర కొన్నాకే గాజులు, పూలు, దాలయ్య కాఫీ. ఆ కొట్టు పోతే వీధి పోతుంది. ఇంతమంది పొట్టలు ఒక వైపు, ఒక్క బొటనవేలు ఒక వైపు. అయినా శవాలు బిగుసుకునేటప్పుడు వేళ్ళు కదులుతాయంటారు. అంటారు గదా.

వీధి బతకాలని ఆమె ఊరుకుంది. భీమశంకరరావు మాత్రం ఇట్టే రెండో పెళ్ళి చేసుకున్నాడు, కొట్టెత్తి ద్వారకానగర్‌లో పెట్టాడు, సీతమ్మధారలో డాబా కట్టాడు. వీధి వైపు మళ్ళీ తిరిగి చూస్తే ఒట్టు. అప్పట్నుంచి గౌరీశ్వరి ఏ చెయ్యి పట్టుకున్నా బొటనవేలి వైపు చూడదు.

రెండో భార్య కాంతం పెళ్ళయిన కొత్తలో ఒకసారి కొట్టుకొచ్చింది. తణుకు వైపు పిల్ల. బూరెలాంటి బొద్దు చెయ్యి. ఉన్నవాటిలో పెద్ద సైజు కూడా పట్టక, నా చెయ్యి కోసం కుండ మూతంత గాజు చేయించాలేమో పిన్నిగారూ అని తనే నవ్వింది. ఇప్పుడు ఆ చేతికి మోచేతి దాకా గాజులు కావలసి వచ్చాయి.

అంటే కప్పాల్సినవి ఉన్నాయన్నమాట. లేదా ఆ పిల్ల అప్పటికే చాప మీద పడుకోబెట్టి ఉందో...

గౌరీశ్వరి పెద్ద సైజు గాజులు ఏరి మలారంలో వేసుకుంది. అలవాటుగా చిన్నవి కూడా ఒక దండ పడ్డాయి. తలుపు మూస్తూ, ఈసారి చెప్పేస్తాను అనుకుంది. ఆ పిల్ల బతికుంటే చెవిలో చెప్పేస్తాను. చచ్చిందంటే, వేలు ముడుచుకుందో లేదో వీధంతా వినేలా అరుస్తాను. మెట్ల కింద మూల పోతే పోనీ. రిక్షా ఎక్కేదాకా ఆ మాటే అనుకుంది. రిక్షా దిగేదాకా కూడా అనుకుంది. ఎక్కడ మరిచిపోతానో అన్నట్టు.

సీతమ్మధార ఇంటికి ఆమె చేరేసరికి సందె చీకటి పడుతోంది. పక్కిళ్ళలో రేడియో వార్తలు, పోపు వాసన. అన్నీ ఇళ్ళలాగే ఉన్నాయి. ముందుగదిలో ఎవరో చాప పరిచి ఉంచారు. పక్కన షావుకారు పడుకునే గదికి తెర వేసి ఉంది. కొత్త ఇల్లు, కొత్త సున్నం. ఆ వాసన కింద ఇంకో వాసన తగిలింది ఆమెకి. గంజి పెట్టిన బట్ట, కలరా ఉండలు, తడిసిన బూడిద. పాత మేడ వాసన. ఈ వాసన ఇంత దూరం ఎలా వచ్చింది?

"కూర్చోండి పిన్నిగారూ, పాలు దించి వస్తున్నాను." వెనక వంటింట్లోంచి కాంతం గొంతు.

బతికే ఉంది. గౌరీశ్వరి గోడకి ఆనుకుని చాప మీద కూలబడింది. మలారం విప్పింది.

కరెంటు పోయింది.

పక్కింటి రేడియో మాట మధ్యలో తెగింది. వీధిలో పిల్లలు ఒక్కసారి కేకలేసి, సద్దుమణిగారు. చీకటి ఎంత దట్టంగా ఉందంటే ఒళ్ళో ఉన్న గాజులు కూడా కనబడలేదు. అడుగుల చప్పుడేమీ రాలేదు. చాప అవతలి అంచు మాత్రం నలిగింది. ఎవరో ఎదురుగా కూర్చున్నారు. ఆమె ఒళ్ళోకి ఒక చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి.

ఇంతకంటే మంచి సమయం దొరకదు. చీకట్లో మొహం చూడక్కర్లేదు. గౌరీశ్వరి ఆ చెయ్యి అందుకుని, గాజు తొడుగుతూ, నేలతో చెబుతున్నట్టు గుసగుసలాడింది.

"అమ్మా, గట్టిగా అనకు. నాను సెప్పేది ఇను. నీకు ముందు షావుకారిని కట్టుకున్న బిడ్డకి గాజులేసింది నానే. సేతుల మీద తాడు గుర్తులున్నాయి. పేణం కూడా ఉంది. నాకు తెలుసు. తెలిసే ఏసినాను." ఇన్నేళ్ళకి ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నగా ఉందో ఆమెకే ఆశ్చర్యమేసింది. "నువ్వు మీ అమ్మకాడికెలిపో. ఇప్పుడే ఎలిపో తల్లీ."

ఎదుటి మనిషి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గాజు వెనక గాజు ఎక్కుతోంది... నొక్కాల్సిన అవసరమే లేకుండా. కాంతం కోసం తెచ్చిన పెద్ద సైజు గాజులు, కర్ర మీద జారినట్టు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఇంత చిక్కిపోయిందా పిల్ల...? ప్రతి గాజుకీ బొటనవేలు ముడుచుకుంటోంది. మెల్లిగా. తనంతట తనే.

ఆమె వేళ్ళకి మణికట్టు దగ్గర గాడి తగిలింది. చుట్టూరా. పైన ఇంకొకటి. ఆ పైన పాతది...

మానినది.

గౌరీశ్వరి వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. ఊపిరి కూడా. అన్ని గాజులున్నాయి ఆ చేతికి... ఒక్కటీ గలగలమనలేదు. అప్పుడా చెయ్యి తిరగబడి, ఆమె చేతి మీద తట్టింది. ఏడుస్తున్న పిల్లని జోకొట్టినట్టు. తట్టి, ఒళ్ళోంచి వెళ్ళిపోయింది.

వంటింటి వైపు నుంచి వెలుగు వచ్చింది. కాంతం లాంతరు పట్టుకుని వస్తోంది, అగ్గిపెట్టె ఎక్కడ చచ్చిందో కనబడలేదండీ అంటూ. లాంతరు పట్టుకున్న చెయ్యి బొద్దుగా, నున్నగా ఉంది. రెండే రెండు గాజులు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

చాప మీద ఎవరూ లేరు. మలారంలో పెద్ద సైజు గాజులు సగం లేవు. నేల మీదా లేవు.

కాంతం ఆ ఖాళీ వైపు చూసి, మలారం వైపు చూసి, లాంతరు కింద పెట్టింది.

"వేయించుకుందా?" అంది తేలిగ్గా. "నేనేస్తానంటే చెయ్యివ్వదు. మీరే రావాలంది."

గౌరీశ్వరి మలారం ఒళ్ళోకి లాక్కుంది.

"ఎడమ చెయ్యే ఇచ్చి ఉంటుంది. కుడిది ఈ వేళప్పుడు ఖాళీ ఉండదులెండి."

తెర వెనక మంచం కోడు నేలకి కొట్టుకుంది. ఒకసారి. మళ్ళీ. తరవాత గబగబా. మధ్యలో మగగొంతు ఒకటి, నీళ్ళ అడుగు నుంచి పిలిచినట్టు. ఏ పేరు పిలుస్తోందో తెలియలేదు. గౌరీశ్వరి లేవబోయింది. షావుకారు, అనబోయింది.

కాంతం ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. గట్టిగా కాదు. ఇంటికొచ్చిన పెద్దావిడని కూర్చోమన్నట్టు.

"ఆవేళ మీరు చూసి కూడా ఊరుకున్నారట కదా పిన్నిగారూ," అంది. కోపం లేదు ఆ గొంతులో. "ఇవాళ కూడా కాస్త ఊరుకోండి."

గోడకవతల పక్కింటివాళ్ళు విసనకర్రలతో గుమ్మంలోకి వచ్చి కబుర్లాడుకుంటున్నారు. ఒక్క కేక చాలు. అందరూ వస్తారు. వాళ్ళు వస్తే ఏం చూస్తారో, ఎవరి చేతులకి బేడీలు పడతాయో... ఆ బొద్దు చేతులకే. గౌరీశ్వరి నోరు తెరిచింది. తెరిచే ఉంచింది. మంచం కోడు కొట్టుకుంటోంది. ఆమె చేతులు మాత్రం ఒళ్ళో వాటి పని అవి మొదలుపెట్టాయి. మలారంలో చిన్న సైజు దండ వెతికి, ముడి విప్పుతున్నాయి.

చప్పుడు నెమ్మదించింది. ఆగింది.

కాంతం లాంతరు వత్తి తగ్గించి, తెర వైపు తిరిగి, చాప మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఇప్పుడు కుడిది కూడా ఇస్తుంది," అంది.

తెర కదిలింది. మనిషి ఎత్తున కాదు. నేలకి జానెడు ఎత్తున.